ఆర్మీ ఆర్ఓటీసీ స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూ ఏ కాలేజీలో పెట్టుకోవాలి?

ఆర్ఓటీసీ అంటే అమెరికాలో కాలేజీ చదువుతో పాటే సైనిక ఆఫీసర్‌గా తయారుచేసే శిక్షణ. వేసవి సెలవులు అయిపోగానే అమెరికాలోని మన తెలుగు తల్లిదండ్రులు చాలామంది నన్ను ఒకటే అడుగుతారు. "అబ్బాయి ఆర్మీ ఆర్ఓటీసీ స్కాలర్‌షిప్‌కి అప్లై చేశాడండీ. ఇప్పుడు ఇంటర్వ్యూ ఎక్కడో మనమే ఎంచుకోవాలట. ఇంటికి దగ్గర ఉన్న కాలేజీ పెట్టమంటారా, వాడు చేరాలనుకునేది పెట్టమంటారా, లేకపోతే పెద్ద పేరున్నది పెడితే బోర్డు దగ్గర విలువ పెరుగుతుందా?" అమ్మాయిల తల్లిదండ్రులు దీనికి ఇంకోటి కలుపుతారు: "మేం కూడా లోపలికి వెళ్ళొచ్చా?"

ముందు నా సమాధానం చెప్పేస్తాను. స్కాలర్‌షిప్ వచ్చినా రాకపోయినా మీ పిల్లలు నిజంగా చేరే అవకాశమున్న కాలేజీ, పొద్దున బయల్దేరి సాయంత్రానికి తిరిగి రాగలిగే దూరంలో ఉంటే అక్కడే పెట్టుకోండి. అలాంటిది లేకపోతే ఇంటికి దగ్గర్లో ఉన్న హోస్ట్ యూనిట్‌కి, అంటే ఆర్ఓటీసీ శిక్షణ విభాగం ఉన్న కాలేజీకి, స్వయంగా వెళ్ళండి. పేరు చూసి ఎంచుకోవద్దు. ఎక్కడ ఇంటర్వ్యూ చేసినా ఫైలు చేరేది స్కాలర్‌షిప్ ఎవరికివ్వాలో తేల్చే ఒకే జాతీయ బోర్డుకి. హార్వర్డ్ పక్కన కూర్చుని ఇచ్చారనో, ఊళ్ళో స్టేట్ యూనివర్సిటీలో ఇచ్చారనో ఎవరూ మార్కులు వేయరు.

ఇది హైస్కూల్ పిల్లలకిచ్చే ఆర్మీ నేషనల్ స్కాలర్‌షిప్ గురించి రాస్తున్నది. ఎయిర్‌ఫోర్స్, నేవీ పద్ధతులు వేరు. ఎయిర్‌ఫోర్స్‌లో ఇంటర్వ్యూ చేసే ఆఫీసర్‌ని వాళ్ళే కేటాయిస్తారు. నేవీలో మీ ప్రాంతపు రిక్రూటింగ్ ఆఫీసు వాళ్ళు ఏర్పాటు చేస్తారు. మెరైన్స్‌కి వెళ్ళాలనుకుంటే మెరైన్ రిక్రూటర్ల ద్వారా నడుస్తుంది. "ఎక్కడ?" అని తేల్చుకోవాల్సిన పని ప్రధానంగా ఆర్మీ వాళ్ళకే.

ఈ స్కాలర్‌షిప్ కింద ట్యూషన్, తప్పనిసరి ఫీజులు మొత్తం కడతారు. ట్యూషన్ వేరే దారిలో గడిచిపోయేవాళ్ళు దాని బదులు హాస్టల్, భోజనం ఖర్చు తీసుకోవచ్చు. పుస్తకాలకి ఏడాదికి 1,200 డాలర్లు, చదువు సాగే నెలల్లో నెలకి 420 డాలర్లు చేతికిస్తారు. బదులుగా డిగ్రీ అయ్యాక ఆఫీసర్‌గా మొత్తం 8 ఏళ్ళ బాధ్యత. సాధారణంగా అందులో 4 ఏళ్ళు పూర్తికాలం, మిగతాది రిజర్వ్‌లో. నేషనల్ గార్డ్‌లోనో రిజర్వ్‌లోనో పార్ట్‌టైమ్‌గా మొత్తం 8 ఏళ్ళూ చేసే దారి కూడా ఉంది. ఈ సంగతి ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకున్న తర్వాతే కింది పని మొదలుపెట్టండి. తల్లిదండ్రులకి ఒకలా, పిల్లలకి ఒకలా అర్థమై ఉంటే ఇంటర్వ్యూలో మూడో ప్రశ్నకే బయటపడుతుంది.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- పౌరసత్వానికి రుజువు. స్కాలర్‌షిప్ అమెరికా పౌరులకే. గ్రీన్‌కార్డ్ సరిపోదు. పిల్లలు ఇండియాలో పుట్టి, వాళ్ళకి 18 ఏళ్ళు నిండకముందే మీలో ఒకరు పౌరసత్వం తీసుకుని, అప్పటికి వాళ్ళు గ్రీన్‌కార్డ్‌తో మీ దగ్గరే ఉంటే చట్టప్రకారం వాళ్ళూ పౌరులైపోయి ఉంటారు. కానీ చేతిలో కాగితం ఉండాలి కదా. అమెరికా పాస్‌పోర్టు ఇప్పుడే తీయించండి.
- హైస్కూల్ మార్కుల ట్రాన్‌స్క్రిప్ట్, శాట్ లేదా యాక్ట్ స్కోరు.
- ఫిట్‌నెస్ పరీక్ష ఫలితం: ఒక నిమిషంలో పుషప్‌లు, ఒక నిమిషంలో కర్లప్‌లు (పడుకుని పైకి లేచే కసరత్తు), ఒక మైలు పరుగు. దీన్ని స్కూల్ పీఈ టీచర్ లేదా కోచ్ దగ్గరుండి చేయించి సంతకం పెడతారు.
- ఒక పేజీ రెజ్యూమె.
- చేరాలనుకునే కాలేజీల జాబితా, ఒక్కో దానికి ఎదురుగా "ఇది హోస్టా, పార్ట్‌నరా" అన్న వివరం. ఈ చివరిది చాలామంది దగ్గర ఉండదు. అసలు తికమకంతా అక్కడే.

1. మీ జాబితాలో హోస్ట్ ఏది, పార్ట్‌నర్ ఏది తేల్చుకోండి

ప్రతి కాలేజీలోనూ ఆర్ఓటీసీ యూనిట్ ఉండదు. యూనిట్ ఉన్న కాలేజీ హోస్ట్. దాని చుట్టుపక్కల కాలేజీల పిల్లలు కూడా అక్కడికే వచ్చి ట్రైనింగ్ తీసుకుంటారు. ఆ కాలేజీలు పార్ట్‌నర్లు. ఇంటర్వ్యూ చేసే ప్రొఫెసర్ ఆఫ్ మిలిటరీ సైన్స్, అంటే పీఎంఎస్, హోస్ట్‌లో కూర్చుంటారు. సాధారణంగా లెఫ్టినెంట్ కల్నల్ హోదాలో ఉంటారు.

డాలస్ ప్రాంతం మన వాళ్ళకి బాగా తెలిసిందే కాబట్టి దాన్నే తీసుకుందాం. ఫ్రిస్కోలోనో ప్లేనోలోనో ఉండే అమ్మాయి యూటీ డాలస్‌లో చదవాలనుకుంది. యూటీ డాలస్ పిల్లలు ఆర్మీ ఆర్ఓటీసీ కోసం యూటీ ఆర్లింగ్టన్ బెటాలియన్‌లో చేరతారు. కాబట్టి ఇంటర్వ్యూకి యూటీ డాలస్ పేరు కోసం వెతికితే లాభం లేదు, ఆర్లింగ్టన్‌ని అడగాలి. ఇంకో అబ్బాయికి టెక్సస్ ఏ అండ్ ఎమ్ మీద మనసుంటే అది సొంత యూనిట్ ఉన్న చోటు, పైగా సీనియర్ మిలిటరీ కాలేజీల్లో, అంటే కేడెట్ జీవితం పూర్తిగా నడిచే కొద్దిపాటి యూనివర్సిటీల్లో, ఒకటి. అక్కడ స్కాలర్‌షిప్ పిల్లలు కోర్ ఆఫ్ కేడెట్స్‌లో చేరాలి, యూనిఫాంలో, ఆ హాస్టళ్ళలోనే ఉండాలి. ఫ్రిస్కో నుంచి కారులో మూడు గంటల పైనే పట్టినా, ఆ జీవితం పిల్లవాడు కళ్ళారా చూసి రావడానికే అక్కడ ఇంటర్వ్యూ పెట్టుకోమంటాను.

మిగతా చోట్లా ఇదే తీరు. స్టాన్‌ఫర్డ్‌లో చదివేవాళ్ళు ఆర్మీ ట్రైనింగ్‌కి సాంటా క్లారా యూనివర్సిటీకి వెళ్తారు. హార్వర్డ్ వాళ్ళు ఎంఐటీకి వెళ్తారు. న్యూజెర్సీలో రట్గర్స్‌కి సొంత యూనిట్ ఉంది.

హెచ్చరిక: పాత జాబితాలు నమ్మొద్దు. కొన్ని యూనిట్లు మూసేసి, కొన్నింటిని పక్క యూనిట్ల కింద కలుపుతున్నట్టు ఆర్మీ 2025లో ప్రకటించింది. రెండేళ్ళ కిందట మీ పక్కింటి అబ్బాయి ఇంటర్వ్యూ ఇచ్చిన చోటు ఇప్పుడు హోస్ట్ కాకపోవచ్చు. ఆ కాలేజీ మిలిటరీ సైన్స్ విభాగానికి ఫోన్ చేసి "మీరు ఇప్పటికీ హోస్టేనా?" అని అడిగితే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

2. చోటు ఎంచుకోండి

జాబితా ముందు పెట్టుకుని పిల్లల్ని ఈ ప్రశ్నలు అడగండి. జవాబు వాళ్ళే చెప్పాలి, మీరు కాదు.

స్కాలర్‌షిప్ రాకపోయినా ఈ కాలేజీలో చేరతావా? అవునంటే దానికి పెద్దపీట వేయండి. నేషనల్ స్కాలర్‌షిప్ ఒక్కటే దారి కాదు. కాలేజీలో చేరాక ఆ యూనిట్ ద్వారా ఇచ్చే క్యాంపస్ స్కాలర్‌షిప్‌లు వేరే ఉంటాయి, మూడేళ్ళకో రెండేళ్ళకో. అప్పుడు ఎవరికివ్వాలో చూసేది అక్కడి పీఎంఎస్సే. ఏడాది ముందే మీ అమ్మాయితో ముఖాముఖి మాట్లాడి ఉన్న మనిషి ఆ కుర్చీలో ఉంటే మంచిదే కదా. బదిలీల వల్ల పీఎంఎస్ మారొచ్చు. కానీ రిక్రూటింగ్ ఆపరేషన్స్ ఆఫీసర్ తరచుగా ఏళ్ళ తరబడి అక్కడే ఉంటారు. ఆ ఉద్యోగాన్ని అందరూ పొట్టిగా "రూ" అంటారు.

నేరుగా వెళ్ళగలమా? వీడియోలో ఇంటర్వ్యూ చేసే యూనిట్లు ఉన్నాయి, దాంట్లో తప్పేం లేదు. కానీ రెండూ కుదిరినప్పుడు ముఖాముఖే నయం. ఇంటర్వ్యూ పేరుతో వెళ్తే యూనిట్ మొత్తం చూడొచ్చు, కేడెట్లతో మాట్లాడొచ్చు. నాలుగేళ్ళు పొద్దున్నే లేచి పరిగెత్తాల్సిన చోటు ఎలా ఉందో స్క్రీన్ మీద తెలియదు. మొదటి ఛాయిస్ విమానం ఎక్కాల్సినంత దూరమైతే? ఎలాగూ క్యాంపస్ చూడ్డానికి వెళ్తున్నట్టయితే ఆ ప్రయాణంలోనే ఇంటర్వ్యూ కలుపుకోండి. అది కూడా కుదరకపోతే అప్పు చేసి టికెట్లు కొనక్కర్లేదు, దగ్గర్లోని హోస్ట్‌కి వెళ్ళండి. అది మీ జాబితాలో లేని కాలేజీ అయినా ఇంటర్వ్యూ చెల్లుతుంది.

బోర్డు తేదీ లోపు వాళ్ళ దగ్గర టైమ్ ఉందా? మిగతా అన్నీ సరిపోయి ఇది కుదరకపోతే చోటు మార్చండి. ఇంటర్వ్యూ లేని ఫైలు బోర్డు ముందుకు పోదు. కాబట్టి జనవరిలో కలల కాలేజీలో ఇచ్చేదానికన్నా, సెప్టెంబర్ చివర్లో ఊళ్ళో ఇచ్చేదే మీ అబ్బాయికి ఉపయోగం.

పెద్ద యూనిట్ మంచిదా, చిన్నదా అని కూడా అడుగుతుంటారు. పెద్ద యూనిట్‌లో ఇంటర్వ్యూకి వచ్చేవాళ్ళు ఎక్కువ, అపాయింట్‌మెంట్ ఆలస్యం కావొచ్చు. చిన్న చోట తీరిగ్గా కూర్చుని మాట్లాడే వీలుంటుంది. ఎక్కడ తేలిగ్గా మార్కులు వేస్తారు అన్న వెతుకులాట మాత్రం మానేయండి. పిల్లల మధ్య తిరిగే "ఫలానా పీఎంఎస్ అందరికీ ఫుల్ మార్కులిస్తాడట" అనే మాటలకి ఆధారం ఉండదు, ఆయన వచ్చే ఏడాది అక్కడే ఉంటాడనీ లేదు.

3. క్యాలెండర్ చూసి టైమ్ అడగండి

దరఖాస్తు సాధారణంగా జూన్‌లో తెరుచుకుంటుంది. తర్వాత ఏడాదిలో మూడుసార్లు బోర్డు కూర్చుంటుంది, మామూలుగా అక్టోబర్, జనవరి, మార్చి ప్రాంతాల్లో. కచ్చితమైన తేదీలు ఏటా కొద్దిగా మారతాయి, మీ పోర్టల్‌లో చూపించేవే ప్రమాణం. మొదటి బోర్డులో ఎంపిక కాని వాళ్ళ ఫైళ్ళు తర్వాతి బోర్డుకి వెళ్తాయి. కాబట్టి తొందరగా పూర్తిచేసినవాళ్ళకి ఎక్కువ అవకాశాలు.

యూనిట్‌లో ఎప్పుడు ఎవరుంటారో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. జూన్ నుంచి ఆగస్టు మొదటి వారాల దాకా చాలామంది ఆఫీసర్లు కెంటకీలోని ఫోర్ట్ నాక్స్‌లో కేడెట్ల వేసవి శిక్షణ మీద ఉంటారు. ఆ నెలల్లో ఈమెయిల్‌కి జవాబు రాకపోతే పట్టించుకోలేదని అనుకోవద్దు. ఆగస్టు చివర్లో కొత్త సెమిస్టర్ హడావుడి. అక్టోబర్, నవంబర్ వారాంతాల్లో రేంజర్ ఛాలెంజ్ పోటీలు, ఫీల్డ్ ఎక్సర్‌సైజ్‌లు. థాంక్స్‌గివింగ్ వారం, డిసెంబర్ సగం నుంచి జనవరి సగం దాకా క్యాంపస్ ఖాళీ. ఇవన్నీ తీసేస్తే మిగిలేది సెప్టెంబర్, అక్టోబర్ మొదటి వారాల్లో మామూలు పనిదినాలు, తర్వాత నవంబర్ మొదటి సగం. మొదటి బోర్డుకి అందాలంటే ఆగస్టులోనే అడిగి సెప్టెంబర్‌లో తేదీ పట్టుకోండి.

4. మెయిల్ పిల్లల చేతే రాయించండి

పోర్టల్‌లో చోటు ఎంచుకున్నాక యూనిట్ నుంచి పిలుపు వస్తుంది. వారం దాటినా రాకపోతే వాళ్ళ రిక్రూటింగ్ ఆఫీసర్‌కి మీ అబ్బాయో అమ్మాయో మెయిల్ పెట్టాలి. తండ్రి మెయిల్ ఐడీ నుంచి, తండ్రి భాషలో వెళ్ళిన మెయిల్‌ని వాళ్ళు వెంటనే గుర్తుపడతారు. ఆర్మీ ఆఫీసర్ కాబోయే మనిషి తన అపాయింట్‌మెంట్ తాను తీసుకోగలగాలి.

మెయిల్‌లో ఉండాల్సినవి ఇవి చాలు: పూర్తి పేరు, హైస్కూల్, ఏ ఏడాది డిగ్రీలో చేరబోతున్నారు, నేషనల్ స్కాలర్‌షిప్ దరఖాస్తులో ఏయే భాగాలు పూర్తయ్యాయి, "మీ యూనిట్‌లో ఇంటర్వ్యూ ఇవ్వాలనుకుంటున్నాను, ఫలానా బోర్డుకి అందేలా ఈ మూడు తేదీల్లో ఏదైనా కుదురుతుందా" అన్న వాక్యం, ఫోన్ నంబర్. రెజ్యూమె, ట్రాన్‌స్క్రిప్ట్ జతచేయాలి. "ఎప్పుడైనా పర్వాలేదు" అని రాస్తే జవాబు ఆలస్యమవుతుంది. మూడు తేదీలు రాస్తే ఒకటి పట్టుకుని తిప్పి పంపుతారు.

ఆ మెయిల్‌లోనే అడగాల్సిన ఇంకో రెండు: ఫిట్‌నెస్ పరీక్ష అయిపోయి ఉండాలా, అదే రోజు అక్కడ చేయించుకోవచ్చా? క్యాంపస్‌లో కారు ఎక్కడ పెట్టాలి? రెండోది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, పెద్ద యూనివర్సిటీల్లో పార్కింగ్ వెతుక్కోవడానికే అరగంట పోతుంది. చెమటలు కక్కుకుంటూ ఆలస్యంగా లోపలికి అడుగుపెట్టాల్సిన రోజు కాదది.

5. హైదరాబాద్ నుంచి అప్లై చేస్తున్నవాళ్ళకి

అమెరికాలో పుట్టి, తల్లిదండ్రులతో తిరిగొచ్చి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చదువుకుంటున్న పౌరులు కొంతమంది ఉన్నారు. వాళ్ళూ అప్లై చేయొచ్చు. చేరాలనుకునే కాలేజీ హోస్ట్ యూనిట్‌కి రాసి వీడియో ఇంటర్వ్యూ అడగండి. మీకు "దగ్గర్లో ఉన్న కాలేజీ" అన్న ప్రశ్నే లేదు కాబట్టి మొదటి ఛాయిస్‌నే అడగడం నయం. ఫిట్‌నెస్ పరీక్ష స్కూల్ పీఈటీ సార్ చేత చేయించొచ్చా, సంతకంతో పాటు స్కూల్ స్టాంపు కావాలా అన్నది కూడా ఆ మెయిల్‌లోనే అడిగి తేల్చుకోండి.

టైమ్ విషయంలో జాగ్రత్త. న్యూయార్క్ టైమ్‌లో మధ్యాహ్నం 12 అంటే వేసవిలో మనకి రాత్రి 9.30. నవంబర్ మొదటి ఆదివారం వాళ్ళ గడియారం మారాక అదే మధ్యాహ్నం 12 మనకి రాత్రి 10.30 అవుతుంది. అక్టోబర్‌లో ఖాయం చేసుకుని నవంబర్‌లో హాజరయ్యేవాళ్ళు ఇక్కడే పొరబడతారు. టెక్సస్ యూనిట్ అయితే ఇంకో గంట కలుపుకోవాలి. కరెంటు పోయినా నెట్ ఆగకుండా మొబైల్ హాట్‌స్పాట్ సిద్ధంగా పెట్టుకోండి.

6. ఇంటర్వ్యూ రోజు

సూట్, లేదా టై కట్టుకుని కోటు. అమ్మాయిలకి ఫార్మల్ ప్యాంటు, బ్లేజర్. పదిహేను నిమిషాల ముందు చేరాలి. తల్లిదండ్రులు వెంట వెళ్ళొచ్చు, ముందు పలకరింపులో, తర్వాత సందేహాలు అడిగేటప్పుడు ఉండొచ్చు. ఇంటర్వ్యూ మాత్రం పిల్లలతో ఒంటరిగానే. తలుపు వేసుకున్నాక మీరు బయట కూర్చోవాలి. ఒకవేళ మర్యాదకి "మీరూ రండి" అన్నా "లేదండీ, తనే మాట్లాడతాడు" అని చెప్పండి. మన ఇళ్ళలో పిల్లల తరఫున పెద్దలు జవాబు చెప్పడం మామూలే, అది ప్రేమతో చేసేదే. ఇక్కడ మాత్రం అదే వాళ్ళకి దెబ్బ.

వాళ్ళు చూసేది చదువు, ఆటలు, నాయకత్వం, ఈ మూడింటినీ కలిపి. ఎందుకు ఆర్మీ, ఎవరినైనా ముందుండి నడిపించిన సందర్భం చెప్పు, ఓడిపోయినప్పుడు ఏం చేశావు, స్కాలర్‌షిప్ రాకపోతే ఏం చేస్తావు, ఇలాంటివి అడుగుతారు. మన పిల్లలు ఇక్కడ ఒక పొరపాటు చేస్తారు: ఇంటి సంస్కృతికి చెందినవన్నీ దాచేసి మ్యాథ్ క్లబ్ గురించే చెబుతారు. ఏళ్ళ తరబడి కూచిపూడి నేర్చుకుని రెండు గంటల అరంగేట్రం చేసిన అమ్మాయి ఒంటి పట్టు, క్రమశిక్షణ తక్కువవా? తెలుగు సంఘం ఉగాది కార్యక్రమంలో ఇరవై మంది చిన్నపిల్లల్ని స్టేజి ఎక్కించి దింపిన అబ్బాయి చేసింది నాయకత్వం కాదా? అయితే "కూచిపూడి నేర్చుకున్నాను" అని వదిలేస్తే అవతలి మనిషికి ఏమీ అర్థం కాదు. వారానికి ఎన్ని గంటలు, దెబ్బ తగిలితే ఏం చేసింది, చిన్నవాళ్ళకి ఎలా నేర్పింది, ఇవి చెప్పాలి.

ఇంకో కాలేజీకి వెళ్ళాలనుకుంటూ ఇక్కడ ఇంటర్వ్యూ ఇస్తుంటే, ఆ సంగతి అడిగితే నిజమే చెప్పించండి. "నా మొదటి ఛాయిస్ ఫలానాది సర్, దూరం వల్ల ఇక్కడికి వచ్చాను, మీ కాలేజీ నా జాబితాలో మూడోది" అంటే తప్పేమీ కాదు. పీఎంఎస్‌లకి ఇది కొత్త కాదు. "ఇదే నా కల" అని చెప్పాక జాబితాలో ఆ పేరే లేదని తెలిస్తే అప్పుడు నష్టం.

బయటికి వచ్చాక వెంటనే కారెక్కకండి. గోడ మీద బోర్డు చూడండి: ట్రైనింగ్ షెడ్యూల్, కేడెట్ల ఫొటోలు, పోయినేడు ఆఫీసర్లయిన వాళ్ళు ఏ శాఖల్లోకి వెళ్ళారో రాసి ఉంటుంది. అక్కడ కనిపించిన ఒకరిద్దరు కేడెట్లతో మీ పిల్లల్ని మాట్లాడనివ్వండి. పొద్దున పీటీ ఎన్నింటికి, వారానికి ఎన్ని రోజులు? ఇంజినీరింగ్ ల్యాబ్‌కీ ఆర్మీ ల్యాబ్‌కీ (ఆర్ఓటీసీ ప్రాక్టికల్ శిక్షణ క్లాసు) టైమ్ గొడవ వస్తే ఎవరు సర్దుబాటు చేస్తారు? పార్ట్‌నర్ కాలేజీ నుంచి వచ్చేవాళ్ళు తెల్లవారుజామున ఎలా చేరుకుంటారు, కారు ఉండాలా? యూటీ డాలస్ నుంచి ఆర్లింగ్టన్‌కి ట్రాఫిక్ లేనప్పుడు కూడా ముప్పావుగంట దాకా పడుతుంది. ఆ ప్రయాణం నాలుగేళ్ళు చేయగలరా అన్నది ఆ కేడెట్లనే అడగాలి.

తరచుగా జరిగే పొరపాట్లు

ఇంటర్వ్యూ ఇచ్చిన చోటే చేరాలనుకోవడం. అలాంటి నిబంధన లేదు. అలాగే అక్కడ ఇస్తే అడ్మిషన్ వచ్చేసినట్టూ కాదు. కాలేజీ అడ్మిషన్‌కి విడిగా అప్లై చేయాలి, విడిగా సీటు రావాలి. స్కాలర్‌షిప్ చేతికొచ్చి, ఆ కాలేజీ సీటు రాక చిక్కుల్లో పడ్డ కుటుంబాలు ఉన్నాయి. కాబట్టి జాబితాలో సీటు గ్యారంటీగా వచ్చే కాలేజీ ఒకటైనా ఉండాలి.

రెండు చోట్ల ఇంటర్వ్యూ ఇచ్చి మంచి మార్కులు పెట్టుకోవచ్చనుకోవడం. ఒక దరఖాస్తుకి ఒకటే ఇంటర్వ్యూ అనుకునే చోటు ఎంచుకోండి. ఇద్దరు ఆఫీసర్ల దగ్గర ఒకేసారి టైమ్ తీసుకుని ఒకరికి చెప్పకుండా మానేస్తే, వాళ్ళిద్దరికీ ఫోన్లున్నాయి.

ఊరి మాల్‌లో ఉండే ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసుకి వెళ్ళి స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూ అడగడం. వాళ్ళు చేర్చుకునేది సైనికులుగా. ఆర్ఓటీసీ వ్యవహారం యూనివర్సిటీ యూనిట్‌దే. అక్కడ ఏ కాగితం మీదా సంతకం పెట్టి రాకండి.

ఆరోగ్య విషయాలు దాచడం. వైద్య పరీక్ష తర్వాత వేరే సంస్థ చేస్తుంది. పదమూడో పుట్టినరోజు తర్వాత ఆస్తమా ఉన్నట్టు రికార్డుంటే దానికి ప్రత్యేక అనుమతి అవసరం. దాచితే అనుమతి వచ్చే దారీ మూసుకుపోతుంది.

ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకి ఇండియా ఇచ్చే కార్డు) సంగతి మరచిపోవడం. ఇది మన కుటుంబాలు తప్పకుండా తెలుసుకోవాలి. విదేశీ సైన్యంలో పనిచేస్తున్న, పనిచేసి రిటైరైన వాళ్ళు ఓసీఐ కార్డుకి అర్హులు కారని భారత ప్రభుత్వ నిబంధన. మీ అబ్బాయి ఆఫీసర్ అయ్యాక అమ్మమ్మగారింటికి రావాలంటే వీసా తీసుకోవాల్సి రావొచ్చు. ఇప్పటికే కార్డు ఉంటే ఏం చేయాలో కాన్సులేట్‌ని రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి. ఇండియాలోని దగ్గరి బంధువుల వివరాలు సెక్యూరిటీ క్లియరెన్స్ ఫారంలో రాయాలి. అందులో భయపడాల్సింది లేదు, దాచకుండా రాస్తే చాలు.

పని పూర్తయిందో లేదో ఎలా తెలుసుకోవాలి

ఇంటర్వ్యూ అయిన రోజు సాయంత్రం పీఎంఎస్‌కీ, రిక్రూటింగ్ ఆఫీసర్‌కీ పిల్లలే నాలుగు వాక్యాల ధన్యవాదాల మెయిల్ పంపాలి. వారం తర్వాత పోర్టల్ తెరిచి ఇంటర్వ్యూ ఎదురుగా పూర్తయినట్టు చూపిస్తోందా చూడండి. చూపించకపోతే "నా ఇంటర్వ్యూ ఫారం అప్‌లోడ్ అయిందా సర్?" అని మర్యాదగా ఒక్క మెయిల్. ఇంటర్వ్యూ అద్భుతంగా జరిగినా ఆ ఫారం అప్‌లోడ్ కాకపోతే ఫైలు అసంపూర్తే. బోర్డు గడువుకి కనీసం పది రోజుల ముందు ఈ తనిఖీ చేసుకోండి, ఆఖరి రోజు దాకా ఆగితే సర్దుకునే టైమ్ ఉండదు. అదే పూట ట్రాన్‌స్క్రిప్ట్, శాట్, ఫిట్‌నెస్ ఫలితం కూడా చేరాయో లేదో చూసేయండి. ఒక బోర్డుకీ ఇంకో బోర్డుకీ మధ్య శాట్ స్కోరు పెరిగితే కొత్తది పంపొచ్చా అని కూడా అప్పుడే అడగండి.

మార్చి బోర్డు కూడా దాటిపోయి ఏమీ రాలేదనుకోండి. ఆ వారంలోనే, చేరబోయే కాలేజీ యూనిట్ రిక్రూటింగ్ ఆఫీసర్‌కి మళ్ళీ రాయించండి. "స్కాలర్‌షిప్ రాలేదు, అయినా మొదటి ఏడాది మిలిటరీ సైన్స్ క్లాసులో చేరుతున్నాను, క్యాంపస్ స్కాలర్‌షిప్‌కి ఎప్పుడు పరిశీలిస్తారు?" అని. స్కాలర్‌షిప్ లేకుండా మొదటి ఏడాది ఆ క్లాసు తీసుకున్నందుకు సైన్యంలో చేరాల్సిన బాధ్యత ఏదీ పడదు. స్కాలర్‌షిప్‌తో చేరినవాళ్ళు కూడా రెండో ఏడాది మొదలయ్యే లోపు వద్దనుకుంటే తప్పుకోవచ్చు. ఇంటర్వ్యూ అదే యూనిట్‌లో ఇచ్చి ఉంటే ఈ మెయిల్ చదివే మనిషికి మీ పిల్లలు ఎవరో తెలుసు. అందుకే అన్ని చోట్లలోకీ, నిజంగా చేరబోయే చోటునే ముందు చూడమంటున్నాను.